భితరకనికలో మొసలి కనిపిస్తుంది, ఏజెంటే కనిపించడు

ముందే చెప్పేస్తున్నా, ఒడిశాలో మొసళ్లుండే మడ అడవి భితరకనికకి తప్పకుండా వెళ్లండి. కానీ ఫోన్లో బోటు మాట్లాడుకుని మాత్రం వెళ్లకండి. మేము ఆ పనే చేసి ఆరున్నర వేలకు ఒప్పుకున్నాం. మా మావయ్యగారు కాకినాడ రేవులో ముప్పై ఏళ్లు బార్జీల లెక్కలు రాసిన మనిషి కాబట్టి సరిపోయింది. లేకపోతే సగం అడవి చూసి, పూర్తి డబ్బులిచ్చి, పైగా భలే ఉందనుకుంటూ ఇంటికొచ్చేవాళ్లం.

విశాఖ నుంచి ఐదుగురం: నేను, మా ఆయన, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, అత్తయ్యగారు, మావయ్యగారు. ఫిబ్రవరి మొదటి వారం. తెల్లవారుజామున ఐదింటికి బండెక్కాం. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి అడుగుపెట్టాక కుడిచేతి పక్కన చిలికా సరస్సు కాసేపు కనిపించింది. పదహారో నంబరు జాతీయ రహదారి బాగుంది. మొదటి రోజు సంగతి అంతే.

అంతే అన్నాను గానీ, దారి పొడుగునా మావయ్యగారి సణుగుడు ఒకటి ఉంది. "మడ అడవి చూడ్డానికి ఇంత దూరమా అమ్మా? మన కోరింగ ఏం పాపం చేసింది? కాకినాడ నుంచి ఆటోలో వెళ్లి, చెక్కవంతెన మీద చెప్పులతో నడిచి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు." మా ఆయన రెండుసార్లు జవాబు చెప్పి మూడోసారి పాటలు పెట్టేశారు. కోరింగ నాకూ ఇష్టమే. కానీ అక్కడ బావురుపిల్లి ఉంది ఉంది అంటారే తప్ప, ఎన్నిసార్లు వెళ్లినా మాకు దాని తోక కూడా కనపడలేదు. ఇక్కడ మొసళ్లు ఖాయంగా కనిపిస్తాయని మా అమ్మాయి పట్టుబట్టింది.

అడవి లోపలి డాంగమాల్‌లో, అడవిలోకి దారిచ్చే గుప్తిలో అటవీశాఖ వారి కాటేజీలున్నాయి, ఆన్‌లైన్లో బుక్ చేసుకోవచ్చు. మేము వారం ముందు చూసేసరికి అన్నీ నిండిపోయాయి. అందుకని కటక్ దాటాక రోడ్డు పక్కన ఒక లాడ్జిలో దిగాం. రెండు గదులు, ఒక్కోటి 1,800. గీజరు ఉందని ఫోటో పెట్టారు, నిజంగానే ఉంది. స్విచ్చి వేస్తే లైటు వెలగలేదు. మా ఆయన స్టూలెక్కి వైరు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తే, అది గోడ పలక వెనక్కి వెళ్లి అక్కడ చుట్ట చుట్టుకుని ఉంది. ఏ ప్లగ్గుకీ కలిపి లేదు. కిందికి వెళ్లి అడిగితే బకెట్టు వేడినీళ్లు యాభై అన్నాడు. తెల్లవారుజామున ఐదు బకెట్లు, 250 రూపాయలు, విడిగా బిల్లు. అత్తయ్యగారికి ఆ వైరు సంగతి ఇప్పటికీ మింగుడు పడలేదు. "లేదని చెప్తే పోయేదిగా, ఉన్నట్టు బిగించడం దేనికి?" అని బోటులో కూడా అడిగారు.

నాలుగుంపావుకి బయల్దేరి కేంద్రపడ, పట్టాముండై మీదుగా ఏడింటికల్లా ఖోలా చేరాం. పార్కులోకి వెళ్లడానికి ఖోలా ఒక దారి, గుప్తి ఇంకొకటి. ఈ రెండింటికీ రోడ్డు వేరు, కాబట్టి మీ బోటు ఏ రేవులో ఉందో బయల్దేరక ముందే తేల్చుకోండి. కేంద్రపడ దాటాక రోడ్డు సన్నబడుతుంది. ప్రతి ఇంటి వెనకా ఒక చెరువు, చెరువులో బాతులు. అప్పటిదాకా సణుగుతున్న మావయ్యగారు ఆ చెరువులు చూసి "మా మేనమామగారి ఊరు ఇలాగే ఉండేది" అని మొదటిసారి మెత్తబడ్డారు.

టికెట్లూ పార్కింగూ కలిపి మాకు 520 అయింది. అందరి ఆధార్ కార్డులూ ఉంచుకోండి. ఫోన్ సిగ్నలు మీద ఆశ పెట్టుకోకండి, నగదు తీసుకెళ్లండి.

ఇక ఏజెంటు సంగతి. వారం ముందు ఫోన్లో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "సార్, ఫుల్ ప్యాకేజీ సార్. మొసళ్లు, పక్షుల గూళ్లు, రాజుగారి వేట బురుజు, సముద్రం ఒడ్డున తాబేళ్లు, భోజనం, అన్నీ కలిపి 6,500." ఫోన్‌పేలో రెండు వేలు అడ్వాన్సు పంపాం. రేవులో చూస్తే ఆయన లేడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడు మోటారు బోటు దగ్గర నిలబడి మా ఆయన పేరు తప్పుగా పిలుస్తున్నాడు. పక్క బోటులో ఎక్కుతున్న కుటుంబం తెలుగులో మాట్లాడుకుంటోంది, బరంపురం వాళ్లట. అంతే సైజు బోటు, అదే రేకు కప్పు, అవే ప్లాస్టిక్ కుర్చీలు. రేవుకొచ్చాక బేరమాడితే 4,200కి వచ్చాడని చెప్పారు. భోజనం మాత్రం డాంగమాల్‌లో ఎవరి డబ్బులు వాళ్లే పెట్టుకోవాలట. మా ఆయన ముఖం చూడాల్సింది. ఆ తర్వాత గంటసేపు ఆయన మొసళ్లను కూడా కోపంగానే చూశారు.

బ్రాహ్మణి, వైతరణి నదులు సముద్రంలో కలిసే చోట పాయలు పాయలుగా చీలిన అడవి ఇది. వైతరణి పేరు వినగానే అత్తయ్యగారు చేతులు జోడించారు. "గోదానం చేసినవాళ్లు ఆవు తోక పట్టుకుని దాటతారంటారు. మనం ఆరున్నర వేలు ధారపోసి దాటుతున్నాం" అన్నారు. మా ఆయన నవ్వలేదు.

రేవు వదిలిన పది నిమిషాలకే మొదటి మొసలి. మేము వెళ్లేసరికి పాటు, అంటే నీళ్లు బాగా దిగి ఒడ్డున బురద బయటపడి ఉంది. చలికాలం పొద్దున ఎండ కాచుకోడానికి మొసళ్లు ఆ బురద మీదికే ఎక్కుతాయి. ముందు అందరం దాన్ని దుంగ అనుకున్నాం. కుర్రాడు ఇంజను ఆపేశాడు. బోటు నీటివాలుకి దానంతటదే దగ్గరికి జరిగింది. పదిహేను అడుగులుంటుంది. వీపు మీద బురద ఎండి, కొట్టుకుపోతున్న గోడ సున్నంలా పెచ్చులు కట్టింది. నోరు బార్లా తెరిచి ఉంది, లోపల లేత పసుపు. ఒక పంటికి చిన్న ఆకు అంటుకుని ఉంది, అది గాలికి ఊగుతోంది. మొసలి మాత్రం ఊగదు, కదలదు. ఒంటి వేడి తగ్గించుకోడానికి అలా నోరు తెరుచుకుంటాయట. మా అమ్మాయి "ఇది బొమ్మేమో" అనే లోపు రెప్ప కదిలి కన్ను మూసుకుంది. మరుక్షణం అంత పెద్ద ఒళ్లు బురద మీద జారి నీళ్లలోకి వెళ్లింది. చప్పుడు లేదు, చిన్న అల కూడా లేదు. బోటు అంచు మీద పెట్టిన చేతులన్నీ ఒక్కసారిగా లోపలికి వచ్చేశాయి. మావయ్యగారివి కూడా.

ఉప్పునీటి మొసలిని ఒడియావాళ్లు బవుళ అంటారు. తర్వాతి గంటన్నరలో మేము లెక్కపెట్టినవి ఇరవై మూడు. చిన్నవి, కాళ్లు చాచుకుని పడుకున్నవి, తల మాత్రమే నీటి పైన ఉన్నవి. ఒడ్డున మచ్చల జింకలు, ఒక ఉడుము, బురద మీద గెంతే వేలెడంత చేపలు. వేళ్లు నేలలోంచి పైకి పొడుచుకొచ్చి నిలబడిన మడచెట్లు. వాటి మీద గోధుమరంగు రెక్కల లకుముకి పిట్ట ఒకటి మా బోటుకి తోడుగా చాలాదూరం వచ్చింది. కోరింగ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కాసేపే. డాంగమాల్‌లో దిగగానే బోర్డు కనిపించింది. మావయ్యగారు కళ్లజోడు సర్దుకుని చదివి "జాతీయ ఉద్యానం 145 చదరపు కిలోమీటర్లేనా! మన కోరింగ 235!" అని గెలిచినట్టు అందరి వంకా చూశారు. "తాతయ్యా, అది లోపలి భాగమే. 1998లో ప్రకటించారు. చుట్టూ ఉన్న అభయారణ్యం 672" అని మా అమ్మాయి కింది వరుస చూపించింది. ఆయన కళ్లజోడు తీసేసి టీ ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

డాంగమాల్‌కి నేను నూటికి తొంభై మార్కులేస్తాను. మొసళ్ల పెంపకం కేంద్రంలో కాపలా ఉన్న అటవీ ఉద్యోగి పిల్లలు అడిగిన ప్రతి ప్రశ్నకీ ఓపిగ్గా జవాబిచ్చాడు. 1975లో ఇక్కడ మొసళ్ల సంరక్షణ పథకం మొదలుపెట్టేనాటికి ఈ నదుల్లో మిగిలినవి వందలోపే. గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లల్ని పెంచి నీళ్లలో వదిలారు. ఇప్పుడు లెక్క 1,800 దాటింది. ఆడ మొసలి ఆకులూ అలములూ కుప్పపోసి అందులో గుడ్లు పెట్టి, పక్కనే కాపలా ఉంటుంది. ఆ కుప్ప లోపలి వేడిని బట్టి పుట్టేది ఆడో మగో తేలుతుందని చెప్తే మా అమ్మాయి నోరు తెరిచింది, పొద్దుటి మొసలి లాగే. ఆ గుడ్ల కాలం కాబట్టే మే ఒకటి నుంచి జులై ఆఖరు దాకా పార్కు మూసేస్తారు. జనవరిలో మొసళ్లను లెక్కపెట్టే రోజుల్లో కూడా బయటివాళ్లను రానివ్వరు. సంక్రాంతి సెలవులకి వద్దామనుకునేవాళ్లు ఈ సంగతి కనుక్కుని బయల్దేరండి. మేము కూడా మొదట పండక్కే అనుకున్నాం, అమ్మాయి పరీక్షల పుణ్యమా అని తప్పించుకున్నాం.

భోజనం ప్యాకేజీలో ఉందన్నాడు కదా. ఉంది. అన్నం, కూరగాయలు వేసి వండిన పప్పు, దాన్నే వాళ్లు దాల్మా అంటారు, ఒక వేపుడు, చేపముక్క, టమాటా తీపి పచ్చడి. ఆ రోజు శనివారం, అత్తయ్యగారు చేప ముట్టరు. లాడ్జి దెబ్బతో నమ్మకం పోయి పులిహోర డబ్బా ముందుగానే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. తీరా దాల్మా రెండుసార్లు వేయించుకుని, పులిహోర బోటు కుర్రాడికి ఇచ్చేశారు. పచ్చి అరటికాయ, గుమ్మడికాయ, వంకాయ ఉడికిన పప్పులో పైన జీలకర్ర, ఎండుమిరప వేయించి దంచిన పొడి. పోపు ఘాటు లేదు, పులుపు లేదు. అయినా లోటు తెలియలేదు. నేను ఇంటికొచ్చాక రెండుసార్లు చేశాను, ఆ రుచి రాలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి మళ్లీ బోటెక్కాం. ఇక వేట బురుజు దగ్గరికి వెళ్లాలి. ఐదు నిమిషాలు పోయాక బోటు మెల్లగా ఖోలా వైపు తిరిగింది. అదేంటంటే కుర్రాడు హిందీలో, "నీళ్లు దిగిపోతున్నాయి, అటు వెళ్తే బోటు బురదలో కూరుకుపోతుంది, రాత్రి దాకా కదలదు" అన్నాడు. మొసళ్ల మధ్య రాత్రి దాకా అనగానే అత్తయ్యగారు "వద్దు నాయనా, పోనీ" అన్నారు. నేనూ సరే అనేశాను. మా ఆయన అప్పటికే అలసిపోయి ఉన్నారు.

మావయ్యగారు ఏమీ అనలేదు. బోటు అంచు దాకా జరిగి ఒడ్డున వేళ్ల వంకే చూస్తూ కూర్చున్నారు. రెండు నిమిషాల తర్వాత మనవరాలిని పిలిచారు. "ఆ వేళ్లు చూడమ్మా. నీళ్లకి పైన బురద తడిగా ఉందా, పొడిగా ఉందా?"

"పొడిగా ఉంది తాతయ్యా. తెల్లగా."

"నీళ్లు దిగుతుంటే పైన జానెడు మేర తడి నల్లగా మెరుస్తూ ఉండాలి. ఇప్పుడే వదిలిన చోటు కదా. ఇక్కడ నీటి అంచు దాకా పొడిగా ఉందంటే నీళ్లు ఎక్కుతున్నాయి. ఇది పోటు. పొద్దున ఎనిమిదింటికి పాటు చూశాం, రెండింటి దాకా ఎక్కుతూనే ఉంటుంది. ఆ తర్వాతే దిగుడు."

అప్పుడు చూశాం అందరం. నిజమే. బూడిదరంగులో ఎండిన బురద, దాన్ని కొద్దికొద్దిగా మింగుతున్న నీళ్లు. ఒక ఎండుటాకు కూడా సముద్రం వైపు కాకుండా లోపలికే కొట్టుకొస్తోంది. పొద్దుటి నుంచీ అదే నీళ్లు చూస్తున్నాం, మా నలుగురికీ ఆ మాటే తట్టలేదు. మావయ్యగారు తన రేవు హిందీలో కుర్రాడితో మాట్లాడారు. గొంతు పెంచలేదు. ఆ హిందీలో సగం తెలుగే, కానీ కుర్రాడికి బాగానే అర్థమైంది. తల దించుకుని అసలు సంగతి చెప్పేశాడు. ఏజెంటు రెండున్నరకి ఇంకో పార్టీ ఒప్పుకున్నాడట. ఈ ట్రిప్పంతా తిప్పితే వాడికి దక్కేది 900, డీజిలు పోసేది ఏజెంటే, మిగతాదంతా ఆయనదే. ఆ మాటకి మావయ్యగారు వాడి భుజం తట్టి "తిప్పు" అన్నారు. బోటు తిరిగింది.

ఆ వేట బురుజు దాకా అడవిలో నడక, మొత్తం యాత్రలో నాకు బాగా నచ్చింది అదే. పూర్వం కనికా రాజులు జంతువుల్ని వేటాడటానికి కట్టించుకున్న చిన్న కట్టడం. దానంతట అది గొప్పదేం కాదు, పడిపోకుండా నిలబడి ఉంది అంతే. అక్కడికి వెళ్లే దారే గొప్పది. ఇంజను చప్పుడు లేదు. ఎండుటాకులు, తామరల కొలను, సుందరి చెట్లు, ఈతచెట్టుకి చుట్టంలా ఉండే ముళ్ల హెంతాల పొదలు. పక్కన బురదలో తాజా గిట్టల గుర్తులు చూసి అత్తయ్యగారు ఆంజనేయ దండకం అందుకున్నారు. జింకవే, కానీ దండకం పూర్తయ్యేదాకా ఎవరం చెప్పలేదు. ఇదే లేకుండా వెనక్కి పంపేయబోయాడు ఏజెంటు. మీ బోటువాడు ఏ వంక చెప్పినా ఈ నడక వదులుకోకండి.

మిగిలిన రెండు వాగ్దానాల సంగతి కూడా చెప్పాలి. పక్షుల గూళ్లు: బాగగహన అనే చోట కొంగలూ నత్తగుల్ల కొంగలూ వేలకొద్దీ గూళ్లు పెట్టే మాట నిజమే, కాకపోతే అది వానాకాలంలో. ఫిబ్రవరిలో ఉత్త కొమ్మలు. తాబేళ్లు: గహిర్‌మఠ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి లక్షల్లో వస్తాయి, ప్రపంచంలోనే పెద్ద తావుల్లో అది ఒకటి. కానీ అది రక్షిత ప్రాంతం, పక్కనే క్షిపణి ప్రయోగాల దీవి కూడా ఉంది, మనలాంటి వాళ్లను ఆ గుడ్ల ఒడ్డుకి పోనివ్వరు. ఎవరైనా తాబేళ్లు చూపిస్తామన్నారంటే ఫోన్ పెట్టేయండి. ఆ ఒక్క మాట చాలు వాడు ఎలాంటివాడో తెలియడానికి.

మూడున్నరకి రేవు చేరితే ఏజెంటు తరఫున ఒకాయన మిగతా 4,500 కోసం కాచుకుని ఉన్నాడు. రెండున్నర పార్టీ ఎండలో గొడుగులు పట్టుకుని మా వంక గుర్రుగా చూస్తోంది. పాపం వాళ్లదీ మా కథే. మావయ్యగారు వేళ్లు మడిచి లెక్క చెప్పారు: పక్షులు లేవు, తాబేళ్లు లేవు, అబద్ధం ఒకటి ఉంది. ఇరవై నిమిషాల గొడవ తర్వాత మూడు వేలకి తెగింది. అంటే మొత్తం ఐదు వేలు. బరంపురం వాళ్ల 4,200కి ఐదుగురి భోజనం కలుపుకుంటే దాదాపు సరిపోయినట్టే. మా ఆయన ముఖంలో అప్పుడు కొంచెం కళ వచ్చింది. సరిగ్గా అప్పుడే మావయ్యగారు జేబులోంచి రెండు వందలు తీసి బోటు కుర్రాడి చేతిలో పెట్టారు. "అబద్ధం చెప్పినవాడికి బక్షీసా నాన్నా!" అని మా ఆయన కారు ఎక్కేదాకా గొణుగుతూనే ఉన్నారు. "ఆ వయసులో నేనూ చెప్పాన్రా, మా బార్జీ యజమాని చెప్పమంటే" అని ఊరుకున్నారు ఆయన.

తిరుగు దారిలో కేంద్రపడలో ఆగాం. బలదేవ స్వామి గుడి చూసుకుని, ఆ ఊరి పేరు చెప్తే ఒడిశా అంతా తలుచుకునే రసాబళి తిన్నాం. పాలవిరుగుడుని పలచటి బిళ్లల్లా తట్టి, ఎర్రగా వేయించి, మరిగించి చిక్కబరిచిన పాలల్లో నానబెడతారు. ఏలకుల వాసన. ఒక్కోటి 25 రూపాయలు. భువనేశ్వర్, కటక్ మధ్య పహాళలో రోడ్డు పొడుగునా రసగుల్లాల దుకాణాలుంటాయి, అందరూ అక్కడ ఆగుతారు, మేమూ ఆగాం. నన్నడిగితే రసాబళి ముందు అవి దిగదుడుపే. మా ఆయన ఒప్పుకోరు.

ఖర్చు అడిగేవాళ్ల కోసం: రానూపోనూ 1,190 కిలోమీటర్లు, డీజిలు 6,850, టోలు 1,760. బోటు, లాడ్జి పైన చెప్పాను, ఆ బకెట్లతో సహా. తిరిగొచ్చేటప్పుడు భువనేశ్వర్‌లో పడుకున్న గది 2,400, అక్కడ గీజరు పని చేసింది.

ఒక్క జాగ్రత్త. రసాబళి ఇంటికి కట్టించుకుంటే డిక్కీలో పెట్టకండి. అత్తయ్యగారు వీధిలో వాళ్లందరికీ పంచాలని నాలుగు డబ్బాలు కట్టించి బ్యాగుల పక్కన పెట్టించారు. ఇచ్ఛాపురం దాటాక టీ కోసం ఆగి డిక్కీ తెరిస్తే రెండు డబ్బాల పాలు మా అమ్మాయి స్కూలు బ్యాగులోకి దిగి ఉన్నాయి. దారిలో చదువుకుంటానని తెచ్చుకున్న సైన్సు పుస్తకం అందులోనే ఉంది. మావయ్యగారు వంగి చూసి, "పైన తడిగా ఉంది. అంటే దిగుతున్నట్టు లెక్క" అన్నారు.